కొలతకు పొడుగైన ఊరు

ఆ శనివారం మా తిరుమణికి లారీలో ఒక విమానం ముక్క వచ్చింది. ముక్క అంటే ముందు భాగం మాత్రమే, అదీ ప్లైవుడ్డుది. రెక్కల్లేవు, తోక లేదు, ఇంజను లేదు. నడిపేవాళ్ళు కూర్చునే సీటు, దాని ముందు అడ్డంగా ఒక పలక, పలక మీద కాగితంతో అంటించిన మీటర్లు, చేతికి ఒక కర్ర, కాళ్ళ దగ్గర రెండు పెడళ్ళు. అంతే. పాల డైరీ రేకుల షెడ్డు కింద దాన్ని దించేసరికి సగం ఊరు అక్కడే ఉంది.

దాన్ని రప్పించింది మా అమ్మాయి వినుత. ఆ సంగతి ముందు చెప్పాలి.

వినుత పావగడ కాలేజీలో బీఎస్సీ చదివి, సోలార్ ప్లాంటులో మీటర్లు చూసే గదిలో పని చేస్తోంది. దానికి విమానం నడపాలని పిచ్చి. ఎక్కడినుంచి అంటుకుందో నాకు తెలియదు. మా వంశంలో మేడ మెట్లు ఎక్కినవాళ్ళే తక్కువ. విమానం నేర్పే బడి ఒకదానికి పరీక్ష రాసింది, ప్యాసయింది. అక్కడ నిలబెట్టి కొలిచి నూట యాభై సెంటీమీటర్లు అన్నారు. వాళ్ళ విమానంలో కూర్చోబెట్టారు. సీటు పైకి లేపితే బయట కనపడింది గాని కాలు పెడలుకు అందలేదు. కిందికి దించితే కాలు అందింది గాని ఎదురుగా పలక తప్ప ఇంకేమీ కనపడలేదు. "మేం కొనబోయే కొత్త విమానం ఇంకా తయారవుతోంది. అందులో సరిపోతే రా, చేర్చుకుంటాం" అని పంపేశారు.

ఇంకొకరైతే నాలుగు రోజులు ఏడ్చి ఊరుకుందురు. ఇది ఆ కొత్త విమానం చేసే కంపెనీకి ఉత్తరం రాసింది. మీరు ఎవరిని కొలిచి చేస్తున్నారు, పల్లెల్లో ఆడవాళ్ళను ఎప్పుడైనా కొలిచారా అని. రెండు నెలలకు వాళ్ళ ఇంజనీరు కార్తిక్ లారీ వేసుకుని వచ్చేశాడు. పాతికేళ్ళ పైన ఉంటాయేమో. వాళ్ళమ్మది హిందూపురం పక్కన, తెలుగు బాగానే వస్తుంది.

ఆ రోజు వినుతకు రెండు గంటల దాకా డ్యూటీ. "నాయినా, నేనొచ్చేదాకా సారును బాగా చూసుకోండి" అని చెప్పి స్కూటీ ఎక్కి పోయింది. మేం బాగానే చూసుకున్నాం. వచ్చిన తంటా అదే.

మొదట మా ఆవిడ నాగక్క కొబ్బరికాయ, పసుపు, కుంకుమ తీసుకుని వచ్చింది. కొత్త బండి వస్తే చక్రాల కింద నిమ్మకాయలు పెడతాం కదా. దీనికి చక్రాలు లేవు. ఆవిడ చుట్టూ తిరిగి చూసి, కింద ఉన్న నాలుగు చెక్క కాళ్ళ దగ్గరా ఒక్కొక్క నిమ్మకాయ పెట్టింది.

"అమ్మా, ఇది ఎగరదు" అన్నాడు కార్తిక్.

"ఎగరకపోతే దిష్టి తగలదా సారూ?" అంది.

అని ఆంజనేయస్వామి పటం ఒకటి తెచ్చి ముందు పలక మీద, మీటర్ల నడుమ అంటించింది. కార్తిక్ పాపం దాన్ని అట్లనే ఉండనిచ్చాడు. తర్వాత మొదటి మనిషిని ఎక్కించి కాళ్ళు చాపమంటే చాపడు. రెండో మనిషీ అంతే. మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంటారు. ఏందప్పా ఇది అని అతను తల గోక్కుంటుంటే నేను దగ్గరికి పోయి, "స్వామి ఎదురుగా ఉండాడు సారూ, కాళ్ళెట్ల చాపుతారు?" అన్నాను. పటం తీసి వెనక పక్క పెట్టాక గాని కాళ్ళు ముందుకు రాలేదు.

ఇంకా అసలు కొలతలు మొదలు కాలేదు. కార్తిక్ అందరినీ చుట్టూ కూర్చోబెట్టి చెప్పాడు. "ఊళ్ళో అరవై మంది కొలతలు కావాలి. ఎత్తు, కాలి పొడుగు, చెయ్యి ఎంత దూరం అందుతుంది, కూర్చుంటే కన్ను ఎంత ఎత్తులో ఉంటుంది. మీ కొలతలను బట్టే వినుతకు ఈ విమానం సరిపోతుందా లేదా అనేది తేలుతుంది." ఇది చెప్పి మా ఇంటికి టిఫినుకు పోయాడు. నాగక్క ఉగ్గాణి చేసింది. ఆ అరగంట చాలింది మా కొల్లప్పకు.

కొల్లప్ప నాకు వరసకు బామ్మర్ది. ఊళ్ళో కొలతల విషయంలో అతని మాటకు ఎదురు లేదు. దానికి కారణముంది. సోలార్ పార్కుకు భూములు కౌలుకు ఇచ్చేటప్పుడు కొలతవాళ్ళు వచ్చారు. నేను నా గట్టు ఎక్కడుందో అక్కడే నిలబడి చూపించాను. కొల్లప్ప టేపు కొస పట్టుకుని, తుమ్మపొద చాటున నాలుగడుగులు అవతలికి జరిగి నిలబడ్డాడు. నా చేను కాగితంలో ఒక గుంట, అంటే రెండున్నర సెంట్లు, తగ్గింది. పక్క చేను అతనిది; అవతలి గట్టున కూడా అట్లనే జరిగాడు కాబట్టి అది రెండు గుంటలు పెరిగింది. అప్పటినుంచి ఊళ్ళో అందరికీ ఒక పాఠం అబ్బింది. కొలిచేదానికి ఎవరొచ్చినా సరే, ఎక్కువ చూపించాలి.

"విన్యారు కదా?" అన్నాడు కొల్లప్ప, షెడ్డు మధ్యలో నిలబడి. "మన కొలతలను బట్టే బిడ్డను తీసుకుంటారంట. ఊరంతా పొడుగుంటే, ఇది పొడుగు వంశమప్పా, పిల్ల ఇంకా పెరుగుతాది అనుకుంటారు. మనమంతా పొట్టిగా తేలితే, ఈ ఊరోళ్ళు విమానానికి పనికిరారు అని రాసుకొని పోతారు. పాపం, బిడ్డ ఇంత దూరం వచ్చినాది."

నాకు ఎందుకో పొసగలేదు. "కొలిచేది మనల్ని, కూచునేది అది కదప్పా కొల్లప్పా. మనం పొడుగైతే దానికేం లాభం?"

"బావా, నిజం చూపించి చేన్లో గుంట పోగొట్టుకొంటివి. ఇప్పుడు బిడ్డను కూడా పోగొట్టుకుంటావా?"

 ఆ గుంట సంగతి ఎత్తితే నాకు మాట రాదని అతనికి తెలుసు.

ఇక చూడండి మా ఊరి తెలివి. ఆడవాళ్ళు కొబ్బరి చిప్పలు బోర్లించి కొప్పుల్లో పెట్టుకున్నారు. కార్తిక్ మర్యాదస్తుడు, ఆడవాళ్ళ తల మీద కొలత చెక్క నొక్కి పెట్టడని కొల్లప్ప ముందే కనిపెట్టాడు. చెప్పులు విప్పమంటే విప్పుతారు సరే. వెంకటక్క పాత టైరు ముక్కలు కోసి పాదాలకు కట్టుకుని చీర కిందికి జారవిడిచింది. ఆమెను చూసి ఇంకో పదిమంది. టైరు చాలక ఒకామె పీట పలగ్గొట్టింది. మగవాళ్ళకు తలగుడ్డలున్నాయి.

నేనేం చేశానో కూడా చెప్పాలి. ప్రతి శనివారం పొద్దున మొదటి బస్సుకు పావగడ పోయి శనిమహాత్ముడి గుడిలో దీపం పెట్టి, ఒక్క పొద్దు ఉండేవాణ్ణి నేను. ఆ రోజూ పోయి వచ్చాను. నుదుటి మీద బొట్టు ఇంకా ఆరలేదు. అట్లాంటివాణ్ణి గోనెపట్టా నాలుగు మడతలు వేసి తల మీద పెట్టుకుని, పైన తలగుడ్డ చుట్టాను. కార్తిక్ "అయ్యా, తలగుడ్డ తీయాలి" అన్నాడు.

"శనివారం సారూ. మొక్కు ఉండాది. బోడితల చూపించకూడదు" అన్నాను.

అట్లాంటి మొక్కు లేదు. ఏ దేవుడికీ లేదు. అతను చేతులు జోడించి "తప్పయింది అయ్యా" అన్నాడు. నా తర్వాత వచ్చిన మగవాళ్ళందరికీ అదే మొక్కు వచ్చింది.

సీటులో కూర్చోవడం ఇంకో వేడుక. కొల్లప్ప ఎక్కాడు. కాలు పొడుగని చూపించడానికి సీట్లోనే కిందికి జారి, జారి, పెడళ్ళను అవతలికి తన్నాడు. బయటినుంచి చూస్తే కర్ర పట్టుకున్న చేతులు కనపడుతున్నాయి, పైన తలగుడ్డ కనపడుతోంది, నడుమ మనిషి లేడు.

"అన్నా, ముందు బయట ఏమైనా కనపడుతోందా?" అని కార్తిక్ వంగి అడిగాడు.

"అన్నీ కనపడతాండాయి సారూ!" పలక కిందినుంచి గొంతు వచ్చింది. "ఆకాశం, మోడాలు, బెంగుళూరు!"

రాని మనిషి ఒక్కరే, నాగక్క వాళ్ళమ్మ, మా అత్త ఓబక్క. డెబ్బై దాటింది. నిలబడితే నా చంక కిందికి వస్తుంది. "బతికుండే మనిషిని తలనుంచి కాలిదాకా కొలిచేది ఏంది? కొలత పాడెకే. నేను రాను" అని ఇంట్లో కూర్చుని శనక్కాయలు ఒలుచుకుంటోంది. కొల్లప్ప కూడా, "ఓబక్కత్త వద్దులే, ఆమెకు ఎన్ని చిప్పలు పెట్టినా నిలవదు" అన్నాడు.

రెండు గంటలకు యాభై ఎనిమిది మంది అయ్యారు. వినుత స్కూటీ దిగేసరికి కార్తిక్ ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఆశ్చర్యపోతున్నాడు.

"వినుతా, మీ ఊరు చాలా గొప్పగా ఉంది. బెంగళూరు కంటే ఎత్తు! ఇక్కడ ఆడవాళ్ళలో అందరికంటే పొట్టి మనిషి నూట యాభై తొమ్మిది."

మేమంతా కొల్లప్ప వైపు చూసి కళ్ళెగరేశాం. అతను మీసం సవరించుకున్నాడు.

"అయితే?" అంది వినుత.

"అయితే చిన్న సైజు అవసరం లేదని రిపోర్టు రాయాల్సి వస్తుంది. పెడలు ముందుకీ వెనక్కీ జరిగే పట్టా ఉంది చూడు, దాన్ని మూడు అంగుళాలు కోసేయమని మా పెద్దవాళ్ళు అప్పటినుంచి అంటున్నారు, బరువు తగ్గుతుందని. పల్లెల కొలతలు వచ్చేదాకా ఆగండి అని నేనే ఆపాను. ఇప్పుడు..." అతను ఆగాడు. వినుత ఎత్తు అతనికి గుర్తొచ్చినట్టుంది. "నడిపేవాళ్ళ ఎత్తు కనీసం నూట యాభై ఎనిమిది ఉండాల్సి వస్తుంది."

 నాకు అప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు. "సారూ, ఊరు పొడుగుంటే మంచిది కదా?" అన్నాను.

అతను ఓపికగా చెప్పాడు. "కాదయ్యా. అందరి కొలతలు కూడి, సగటు తీసి చేస్తే అది ఎవరికీ సరిపోదు. ఒకరికి చెయ్యి సగటుంటే కాలు ఉండదు. అందుకని అందరికంటే పొట్టి ఎవరు, అందరికంటే పొడుగు ఎవరు అని చూస్తాం. ఆ చివర నుంచి ఈ చివరకు సీటూ పెడలూ జరిగేటట్టు చేస్తాం. పొట్టివాళ్ళు దొరికితేనే ఈ చివర పెరుగుతుంది. నేను వచ్చిందే పొట్టివాళ్ళ కోసం."

అప్పుడు దిగింది నా తలకు. గోనెపట్టా మడతల్లోంచి దిగింది. మా బిడ్డను పొడుగు చేయబోయి దాన్ని విమానంలోంచి తోసేశామని.

వినుత ఏడవలేదు. మమ్మల్ని ఒక్కొక్కరినీ చూసింది. నా తల చూసింది. వెంకటక్క పాదాలు చూసింది. చివరికి వాళ్ళమ్మ దగ్గర ఆగింది.

"అమ్మా, పొద్దున నీ తల నా తలంతే ఉండాదే. కొప్పులో ఏముండాది?"

నాగక్క నా వైపు చూసింది. మొగుడు ముందు పడాలి అన్నట్టు.  ఊరి ముందు సిగ్గు ఒకటి; అంతకంటే పెద్దది ఇంకొకటి. పనికి కావలసినంతే పెరిగి, పనికి కావలసినంతే తగ్గే ఆంజనేయస్వామికి కూడా మొక్కేవాణ్ణి నేను. ఎప్పుడూ పెద్దగా కనపడాలనే బుద్ధి నాకు ఎవరు నేర్పించారు? తలగుడ్డ విప్పాను. గోనెపట్టా కింద పడింది.

"సారూ, నాకు మొక్కూ లేదు, ఏమీ లేదు. దేవుని పేరు చెప్పి అబద్ధమాడినా. మా బిడ్డకు మేలవుతాదని."

తర్వాత ఒక్కొక్కటే రాలాయి. కొబ్బరి చిప్పలు, టైరు ముక్కలు, పీట చెక్కలు, ఒక చిన్న ఇత్తడి చెంబు కూడా. అది ఎవరు ఎక్కడ పెట్టుకున్నారో ఇప్పటికీ తేలలేదు. కార్తిక్ ఆ కుప్ప చూసి మెల్లగా లారీ మెట్టు మీద కూర్చున్నాడు.

"పొద్దుటినుంచి నేను కొలిచింది కొబ్బరి చిప్పలనా?"

"టైర్లు కూడా సారూ" అంది వెంకటక్క నిజాయితీగా.

అతనికి కోపం వచ్చింది. రావాలి కదా. లారీకి ఐదు దాకానే బాడుగ, రేపు ఇంకో ఊరు. "ఈ కొలతలు కొట్టేయాలి. మళ్ళీ కొలిచినా మిమ్మల్ని నమ్మేది ఎట్లా? పట్నం లెక్కలతోనే పోతాను" అని ల్యాప్‌టాప్ మూయబోయాడు.

వినుత దాని మీద చెయ్యి పెట్టింది. "సార్, మూడు గంటలు ఉండాది. నేను కొలుస్తా. ఈ ఊళ్ళో ఎవరు ఎంతుంటారో నాకు చిన్నప్పటినుంచి తెలుసు. నన్ను మోసం చేసేవాళ్ళు ఇంకా పుట్టలేదు."

అతను గడియారం చూశాడు. మా మొహాలు చూశాడు. "సరే."

ఆడవాళ్ళు బయట జుట్టు విరబోసుకోరు. అందుకని డైరీ లోపలి గదిలో తలుపు మూసి, వినుతే అందరి కొప్పులూ విప్పించి కొలిచింది. సంఖ్యలు లోపలినుంచి అరుస్తుంటే కార్తిక్ బయట రాసుకున్నాడు. "నూట యాభై మూడు! నూట నలభై తొమ్మిదిన్నర! మా అమ్మ, నూట యాభై రెండు!"

మగవాళ్ళ వంతు వచ్చింది. ఇప్పుడు మా వాళ్ళకు కొత్త తెలివి పుట్టింది. పొట్టివాళ్ళు కావాలంట కదా! ఒక్కొక్కరూ మెడ లోపలికి లాక్కుని, వీపు వంచి తాబేళ్ళలాగా వచ్చారు. కొల్లప్ప అయితే లుంగీ చాటున మోకాళ్ళు వంచి నిలబడ్డాడు. పొద్దున నూట డెబ్బై ఎనిమిది ఉన్న మనిషి నూట యాభై ఐదుకు వచ్చాడు. వినుత కందికట్టె తీసుకుని అతని మోకాలి వెనక తట్టింది.

"మామా, లుంగీ లోపల కుర్చీ యేసుకొన్యావా?"

"నీ మేలు కోసమే కదా పాపా!"

"నాకు మేలు వద్దు, మోకాళ్ళు కావల్ల. చాపు."

నూట డెబ్బై ఒకటి తేలాడు. కార్తిక్ నవ్వాడు. ఆ పూటకు అదే మొదటిసారి.

అన్నీ అయ్యాక అతను అంకెలు చూసి పెదవి విరిచాడు. "ఇప్పుడు నిజమే. కాని చిక్కు ఇంకా ఉంది. నీకంటే పొట్టివాళ్ళు ఇద్దరు ముగ్గురే, అదీ అర సెంటీమీటరు, ఒక సెంటీమీటరు తేడాతో. చివరలో నువ్వే ఉన్నట్టు లెక్క. మా పెద్దవాళ్ళు ఏమంటారో తెలుసా? ఒక అమ్మాయి కోసం చేస్తామా, చివర కొంచెం కోసేయండి అంటారు. చివర ఎప్పుడూ కోస్తారు. నీ వెనక ఇంకా ఎవరైనా ఉండాలి."

అందరూ నా వైపు తిరిగారు. అత్తను పిలుచుకుని రావాల్సింది అల్లుడే కదా.

ఆమె శనక్కాయల చేట ముందు కూర్చుని ఉంది. జరిగిందంతా చెప్పాను, గోనెపట్టాతో సహా. విని విని, ఒక గింజ నోట్లో వేసుకుంది.

"అయితే పొడుగు మనుషులతో పని కాలే."

"కాలేదత్తా."

"పొట్టిది కావల్లనా?"

"కావల్ల."

"పెండ్లి చూపులకు వచ్చినోళ్ళు నన్ను ఏమన్నారో తెలుసా? గంపకింద కోడి అన్నారు. మీ మామ కూడా పదేండ్లు అట్లనే పిలిచినాడు." లేచి కొంగు దులుపుకుంది. "పాడెకు కొలిచేది పడుకోబెట్టి. నిలబెట్టి కొలిస్తే ఏం కాదులే. పద."

ఆ నియమం ఆమె అప్పటికప్పుడు చేసిందే.  అడగవలసిన ప్రశ్నలూ, అత్తను అడగకూడని ప్రశ్నలూ వేరు.

నూట ముప్పై తొమ్మిది. కార్తిక్ రెండుసార్లు చూసి రాసుకున్నాడు, ఏదో దొరకని వస్తువు దొరికినట్టు. తర్వాత ఆమెను సీటెక్కించారు. సీటు పైకంటా లేపాడు. కన్ను పలక దాటింది. పెడళ్ళు చివరికంటా ఇవతలికి లాగాడు. ఇంకా నాలుగు వేళ్ళు అందలేదు.

"పాదం చాపు అవ్వా" అంది వినుత.

"చాపే ఉండా. ఇది రావల్ల గాని నేను పోయేదేంది దాని కాడికి?"

కార్తిక్ ఆ మాట విని స్క్రూడ్రైవరు తీసుకున్నాడు. సీటు కిందికి దూరి, పెడళ్ళ పట్టా విప్పి, ఇవతలికి జరిపి బిగించాడు. ఓబక్క పాదం ఆనింది. నొక్కింది. ప్లైవుడ్డు కిర్రుమంది. అతను అక్కడ చెక్క మీద పెన్సిలుతో ఒక గీత గీశాడు.

"ఇక్కడిదాకా అడుగుతాను" అన్నాడు వినుతతో. "ఇస్తారని మాట ఇవ్వలేను. బరువంటారు, ఖర్చంటారు. బేరమాడి కొంచెం కోసేస్తారు. కోసినా నువ్వు లోపలే ఉంటావు."

"ఇదేప్పా నేను పొద్దుటినుంచి చెప్తాండేది!" అన్నాడు కొల్లప్ప. "ఎక్కువ అడగల్ల!" నాకు లోపల చిన్న అనుమానం వచ్చింది. అతను చేసిందానికీ ఇప్పుడు ఈ ఇంజనీరు చేయబోయేదానికీ తేడా ఏమిటా అని. చాలాసేపు ఆలోచించాను. ఓబక్క మా అత్త, నిజంగా నూట ముప్పై తొమ్మిది. తేడా అదే అనుకుంటాను.

అవ్వను దించడం కష్టమైంది. కుడి కాలు నొక్కితే ఎటు తిరుగుతుంది, ఎడమ కాలు నొక్కితే ఎటు, హారన్ ఎక్కడుంది అని అన్నీ అడిగింది. హారన్ లేదంటే, "అడ్డమొచ్చినోళ్ళను ఎట్ల తిట్టేది?" అంది. దిగాక, "ఊఁ, ఎక్కు" అని మనవరాలి వీపు తట్టింది.

వినుత ఎక్కింది. పెడళ్ళు గీతకు రెండు వేళ్ళంత అవతలికి జరిపారు. రెండు పాదాలూ మడమలతో సహా ఆనాయి. ఒకటి నొక్కింది, ఇంకొకటి నొక్కింది, మళ్ళీ మొదటిది. తల ఎత్తలేదు, మెడ సాచలేదు. ఊరికే కూర్చుని ముందుకు చూస్తోంది. నాగక్క నా చెయ్యి పట్టుకుంది, నలుగురిలో ఎప్పుడూ పట్టుకోని మనిషి.

లారీ ఐదుకు వెళ్ళాలి. ఐదున్నరయినా వినుత దిగలేదు. డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు. కార్తిక్ అతని దగ్గరికి పోయి ఏదో నచ్చజెప్పి, తిరిగి వచ్చి షెడ్డు గుంజకు ఆనుకుని నిలబడ్డాడు. దిగమని మాత్రం అనలేదు.